కంటి వైద్యం వెనుక ఉమ్మడి ప్రయోగశాలలు



ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఏదైనా రాయమని సంపాదకులు కోరారు. కోటల గురించి, గుళ్ళ గురించి, ఉద్యోగ సంఘాల పోరాటాల గురించి రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను ఆరోగ్య శాఖలో గుమాస్తాగా చేరి అక్కడే రిటైరైనవాణ్ణి. మందుల స్టాకు రిజిస్టర్లు, ఇండెంట్లు, పనికిరాని పరికరాల జాబితాలు రాసిన చేయి ఇది. అందుచేత నాకు తెలిసిన వైపు నుంచే ఒక చరిత్రను ఎంచుకున్నాను. ఈనాడు మన కళ్ళకు అందుతున్న వైద్యం ఏ ప్రయోగశాలల్లో రూపు దిద్దుకుంది, ఆ ప్రయోగశాలలను ఎవరెవరు కలిసి వాడుకున్నారు అన్నదే ఈ వ్యాసంలోని విషయం.

అనంతపురం సీమవారికి కంటి జబ్బుల పేర్లు ఎవరూ నేర్పనక్కరలేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో, వేరుశనగను నమ్ముకుని బతికే నేల మనది. కరువు ఏళ్ళలో పిల్లలకు రేచీకటి, ముసలితనంలో శుక్లాలు, చెప్పకుండా వచ్చే నీటికాసులు, కంట్లో ముల్లో పొట్టో పడితే పుండై చివరకు మిగిలే పువ్వు. ఈ నాలుగింటి మీదా తెలుగు నేలపైనే పెద్ద పరిశోధన జరిగింది. అది ఏ ఒక్క సంస్థా ఒంటరిగా చేసినది కాదు. మెట్ట పొలంలో నలుగురు రైతులు కలిసి బావి తవ్వుకుని, వంతులవారీగా కపిల తోలుకున్నట్లు, నాలుగు సంస్థలు తమ పరికరాలను, నమూనాలను, మనుషులను కలుపుకుని చేసిన పని అది.

మద్రాసు కాలం

1882లో బళ్ళారి నుంచి విడిపోయి మన జిల్లా ఏర్పడింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మనం మద్రాసు కిందనే ఉన్నాం. కంటికి పెద్ద వైద్యం కావాలంటే గుత్తిలోనో గుంతకల్లులోనో రైలెక్కి మద్రాసు ఎగ్మూరు కంటి ఆసుపత్రికి పోవలసిందే. 1819లో మొదలైన ఆ ఆసుపత్రి ప్రపంచంలోని అతి పాత కంటి ఆసుపత్రుల్లో ఒకటి. లండను మూర్‌ఫీల్డ్స్ ఒక్కటే దానికన్నా ముందుదని చెబుతారు. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలో అక్కడ సూపరింటెండెంటుగా ఉన్న ఇలియట్ దొర నీటికాసులకు చేసిన శస్త్రచికిత్స ప్రపంచమంతా పేరు పొందింది. 1945లో దేశంలోని మొదటి నేత్రనిధి కూడా అక్కడే డాక్టర్ ముత్తయ్య గారి చేతుల మీదుగా వెలిసింది.

ఆనాటి గొప్పతనమంతా డాక్టరు చేతిలోనూ, ఆయన కత్తిలోనూ ఉండేది. జబ్బు ఎందుకు వస్తుందో తేల్చాలంటే మాత్రం కత్తి చాలదు. రక్తంలో విటమిన్లను కొలవాలి. కంటి కటకంలోని ప్రోటీన్లను విడదీసి చూడాలి. బూజును పెంచి గుర్తించాలి. జన్యువును చదవాలి. ఒక్కో పనికి ఒక్కో ఖరీదైన యంత్రం, దానిని నడిపే మనిషి కావాలి. అన్నీ ఒక్క ఆసుపత్రి కొనలేదు. కొన్నా, ఏడాదిలో చాలా రోజులు గుడ్డ కప్పి ఉంచవలసిందే.

ఈ చిక్కు ఒక్క మనదే కాదు. అమెరికాలో 1968లో జాతీయ నేత్ర సంస్థ ప్రత్యేకంగా ఏర్పడింది. ఒకే విశ్వవిద్యాలయంలో కంటి మీద పనిచేసే పలువురు పరిశోధకులు కలిసి వాడుకునే ప్రయోగశాలకు, దాని సిబ్బందికి అది విడిగా గ్రాంటు ఇస్తుంది. మన దేశంలో 1970లలో కేంద్ర ప్రభుత్వ శాస్త్ర సాంకేతిక శాఖ మద్రాసు ఐ.ఐ.టి., బొంబాయి ఐ.ఐ.టి. వంటి చోట్ల ప్రాంతీయ పరికర కేంద్రాలను పెట్టింది. ఏ కాలేజీవారైనా నమూనా పంపి, నిర్ణీత రుసుము కట్టి, ఫలితం తెప్పించుకోవచ్చు. కంటి విషయంలో ఈ పద్ధతి బాగా వేరూనిన చోటు హైదరాబాదు.

రేచీకటి: చెంచాడు మందు వెనుక కథ

జాతీయ పోషకాహార సంస్థకు మూలం 1918లో కూనూరులో మెకారిసన్ దొర మొదలుపెట్టిన చిన్న పరిశోధన కేంద్రం. అది 1958లో హైదరాబాదుకు, ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కకు తరలివచ్చింది. 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. తిండిలో ఎ విటమిను కరవైతే మొదట రేచీకటి వస్తుంది, ఆపైన నల్లగుడ్డు మెత్తబడి పిల్లవాడు గుడ్డివాడవుతాడు. ఆకుకూర, పాలు కంటికి కనిపించని కరువు రోజుల్లో ఈ బాధ మరీ ఎక్కువ.

ఎ విటమిను కాలేయంలో నిలువ ఉంటుంది. అలాగైతే రోజూ కొంచెం ఇవ్వడానికి బదులు ఒక్కసారే పెద్ద మోతాదు ఇస్తే ఏడాది పొడవునా కాపాడుతుందా? ఈ ప్రశ్నను పోషకాహార సంస్థవారు హైదరాబాదు పరిసర గ్రామాల పిల్లల మీద పరీక్షించి చూశారు. కంటి లక్షణాలు బాగా తగ్గాయి. ఆ అధ్యయనం 1970లో ప్రచురితమైంది. ఆ ఏడే ప్రభుత్వం జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. ఆరు నెలలకొకసారి రెండు లక్షల యూనిట్లు, అంటే సీసాతో పాటు వచ్చే రెండు మిల్లీలీటర్ల చెంచాతో ఒక చెంచాడు.

ఆ సీసాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చినప్పుడు స్టాకు రిజిస్టరులో ఎక్కించిన గుమాస్తాల్లో నేనొకణ్ణి. వచ్చినవి ఇన్ని, ఖర్చయినవి ఇన్ని, నిలువ ఇన్ని అని రాయడమే మా పని. ఆ చెంచా కొలతను నిర్ణయించడానికి పల్లెటూరి పిల్లల కళ్ళను పరీక్షించినవారు ఒకరు, రక్తంలో విటమినును కొలిచినవారు ఒకరు, తిండి లెక్కలు రాసుకున్నవారు మరొకరు ఉంటారని ఆ రిజిస్టరులో కనిపించదు. వైద్యులూ, రసాయన శాస్త్రజ్ఞులూ, ఆహార సర్వే చేసేవారూ ఒకే కప్పు కింద కూర్చోవడం వల్లనే ఆ చెంచా మన దాకా వచ్చింది.

శుక్లాలు: కటకం ఎందుకు మసకబారుతుంది?

1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1977లో డాక్టర్ పుష్పమిత్ర భార్గవ గారి నాయకత్వాన సి.సి.ఎం.బి. అని మనం పిలిచే కణ, అణు జీవశాస్త్ర కేంద్రం మొదలైంది. దాని కొత్త భవనాలను 1987 నవంబరు 26న ప్రధాని రాజీవ్ గాంధీ జాతికి అంకితం చేశారు. పరికరాలను ఏ శాస్త్రజ్ఞుడి సొంత గదిలోనో బంధించకుండా అందరికీ అందుబాటులో ఉంచాలన్నది అక్కడి మొదటి సూత్రాల్లో ఒకటి.

ప్రొఫెసర్ డి. బాలసుబ్రమణియన్ గారు హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చెప్పి, 1982లో సి.సి.ఎం.బి.కి వచ్చారు. కంటి కటకం మీద ఆయన పరిశోధన సాగింది. మన కటకం దాదాపు ప్రోటీన్లతో నిండిన సంచి. తల్లి కడుపులో ఉండగా దాని మధ్య భాగంలో ఏర్పడిన ప్రోటీన్లు జీవితాంతం మారవు. చర్మం, రక్తం మారినట్లు అవి కొత్తవి రావు. వెలుతురు తాకిడికి, వయసుకు, చక్కెర జబ్బుకు అవి చెడి ముద్దకడతాయి. అదే శుక్లం. కటకంలోని ఒక రకం ప్రోటీను తక్కినవి ముద్దకట్టకుండా కాపలా కాస్తుంది. ఆ కాపలా పనితీరును విడమరచి చెప్పినవారిలో సి.సి.ఎం.బి.కి చెందిన డాక్టర్ సిహెచ్. మోహనరావు గారు ముఖ్యులు.

అటు పోషకాహార సంస్థలో పసుపు మీద పని జరిగింది. మధుమేహం కలిగించిన ఎలుకలకు ఆహారంలో పసుపు కలిపి పెడితే శుక్లం ఆలస్యంగా వచ్చిందని 2005లో ప్రచురించారు. ఇది ఎలుకల మాట. మన సభ్యులెవరూ దీన్ని చదివి ఆపరేషన్ వాయిదా వేసుకోవద్దు. ముదిరిన శుక్లానికి ఈనాటికీ ఆపరేషనే మందు.

ఆసుపత్రిలోనే ప్రయోగశాల

ఇంతవరకు ప్రయోగశాలలు ఒక వైపు, రోగులు మరొక వైపు ఉన్నారు. రెండింటినీ ఒకచోట చేర్చినది ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ. అమెరికాలో పనిచేసి తిరిగివచ్చిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారి సంకల్పానికి, సినీ దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ గారు కోటి రూపాయల విరాళం, ఐదెకరాల స్థలం ఇచ్చి అండగా నిలిచారు. 1987లో హైదరాబాదులో సంస్థ ప్రారంభమైంది. చికిత్స, శిక్షణ, పరిశోధన ఒకే ఆవరణలో సాగాలన్నది ఆలోచన. తరువాత అక్కడి పరిశోధన కేంద్రానికి ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు బ్రైన్ హోల్డెన్ పేరు పెట్టారు. సూక్ష్మజీవుల విభాగం, జన్యు విభాగం, కణజాల పరీక్షా విభాగం, మూలకణాల విభాగం పక్కపక్కనే ఏర్పడ్డాయి. సి.సి.ఎం.బి. డైరెక్టరు పదవి ముగిశాక 1998లో బాలసుబ్రమణియన్ గారు ఇక్కడికే వచ్చి పరిశోధనకు సారథ్యం వహించారు. విశ్వవిద్యాలయాల్లో పి.హెచ్‌.డి.కి నమోదైన విద్యార్థులు ఇక్కడి ప్రయోగశాలల్లో పనిచేశారు. ఇక్కడ పనిచేసిన డాక్టర్ గీతా వేముగంటి గారు తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయంలో వైద్య శాస్త్రాల విభాగానికి డీన్‌గా వెళ్ళారు.

1996 నుంచి 2000 వరకు ఈ సంస్థ ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం జరిపింది. అన్ని వయసులవారినీ కలిపి 10,293 మందిని పరీక్షించారు. నూటికి 1.84 మంది అంధులని తేలింది. అందులో పదింట ఆరు వంతులు శుక్లం వల్లా, కళ్ళజోడు లేకపోవడం వల్లా వచ్చినదే. అంటే నయం చేయగలిగినదే. ఎంచుకున్న ప్రాంతాలు హైదరాబాదు నగరం, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్. రాయలసీమ జిల్లా ఒక్కటీ ఆ నాలుగింటిలో లేదు. ఈ సంగతి వ్యాసం చివర మళ్ళీ ప్రస్తావిస్తాను.

నీటికాసులు, మేనరికాలు

నీటికాసులు దొంగ జబ్బు. కంటిలోని ఒత్తిడి నరాన్ని నెమ్మదిగా తినేస్తుంది. పై అధ్యయనంలో హైదరాబాదు నగరంలో సాధారణ రకం నీటికాసులు ఉన్నట్లు తేలినవారిలో నూటికి తొంభై మందికి పైగా తమకు ఆ జబ్బున్నట్లే తెలియదు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నదానిని కాపాడుకోవడమే వైద్యం.

ఇందులో పుట్టుకతో వచ్చే రకం ఒకటి ఉంది. పసిబిడ్డ నల్లగుడ్డు పెద్దదై, మసకబారి, వెలుతురు చూడలేక నీరు కారుతుంది. ఎల్.వి. ప్రసాద్ సంస్థలో ఈ బిడ్డలకు శస్త్రచికిత్స చేసిన డాక్టర్ అనిల్ కుమార్ మండల్ గారికి 2003లో భట్నాగర్ పురస్కారం వచ్చింది. ఆ కుటుంబాల రక్త నమూనాలు ఆసుపత్రిలో ఉన్నాయి. జన్యువులో వచ్చిన మార్పు ప్రోటీను ఆకారాన్ని ఎలా చెడగొడుతుందో లెక్కకట్టే నైపుణ్యం హైదరాబాదులోనే ఉన్న సి.డి.ఎఫ్‌.డి. అనే డి.ఎన్‌.ఎ. వేలిముద్రల, రోగనిర్ధారణ కేంద్రంలో ఉంది. ఇద్దరూ కలిశారు. సి.వై.పి.1బి1 అనే జన్యువులోని లోపాలను మన దేశపు బిడ్డల్లో గుర్తించి 2002లో ప్రచురించారు. డాక్టర్ల పేర్లూ, జన్యు శాస్త్రజ్ఞుల పేర్లూ ఆ వ్యాసం మీద పక్కపక్కనే ఉన్నాయి.

మన సీమలో దీనికి ప్రత్యేకంగా సంబంధం ఉంది. ఇది తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపాలు కలిస్తేనే వచ్చే జబ్బు. తల్లిదండ్రులిద్దరిలోనూ లోపం దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. మేనమామకో, మేనత్త కొడుకుకో పిల్లనిచ్చే ఆచారంలో అటువంటి రెండు లోపాలు కలిసే అవకాశం పెరుగుతుంది. ఆస్తి బయటికి పోకూడదని చేసుకునే సంబంధాల్లో ఈ ఆస్తి కూడా ఇంట్లోనే ఉండిపోతుంది.

పుండు, పువ్వు, సున్నం

వేరుశనగ కాయలు ఒలిచేటప్పుడు పొట్టు ఎగిరి కంట్లో పడటం, కంచె కొట్టేటప్పుడు ముల్లు తగలడం మనకు కొత్త కాదు. అలా గీరుకున్న నల్లగుడ్డు మీద బూజు పడుతుంది. పదేళ్ళలో, అంటే 1991 నుంచి 2000 వరకు తమ వద్దకు వచ్చిన బూజు పుండ్లను ఎల్.వి. ప్రసాద్ సంస్థ సూక్ష్మజీవుల విభాగం లెక్కకట్టింది. 1,300కు పైగా కేసులు. మూడింట రెండు వంతులకు పైగా మగవారు, ఎక్కువమంది పని చేసుకునే వయసువారు.

బూజు పుండూ, బాక్టీరియా పుండూ పైకి ఒకేలా కనిపించవచ్చు. మందులు మాత్రం వేరు. పుండు నుంచి కొద్దిగా గీకి, గాజు పలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావకం వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే బూజు పోగులు కనిపిస్తాయి. నిమిషాల్లో అయ్యే పరీక్ష. బూజుకు నటామైసిన్ చుక్కలు వేయాలి. దుకాణంలో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ చుక్కలు వేస్తే ఎరుపు తగ్గినట్లే ఉండి, లోపల బూజు విజృంభించి కన్ను పోతుంది. ఆ గాజు పలకను చదవగల మనిషి దగ్గరలో ఉన్నాడా లేడా అన్నదాని మీద ఒక రైతు కన్ను ఆధారపడి ఉంది.

సున్నం కథ ఇంకొకటి. తాంబూలానికి వాడే సున్నం పొట్లం పిల్లల చేతిలో నొక్కుకుని చిట్లి కంట్లో పడుతుంది. నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు కాలిపోతాయి. ఆ తరువాత నేత్రదానం చేసిన నల్లగుడ్డును అమర్చినా నిలవదు. సాగు చేయడానికి విత్తనమే లేనట్లు. 2001లో ఎల్.వి. ప్రసాద్ సంస్థలో డాక్టర్ వీరేందర్ సంగ్వాన్, డాక్టర్ గీతా వేముగంటి బృందం ఒక మార్గం చేపట్టింది. బాగున్న కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, ప్రసవంలో లభించే మాయ పొర మీద ప్రయోగశాలలో పది పదిహేను రోజులు పెంచి, చెడిన కంటి మీద అతికించడం. ఇలా చికిత్స పొందిన 200 మంది వివరాలను 2011లో ప్రచురించారు. నూటికి 71 మందిలో అది నిలిచింది.

ఆ వెంటనే 2012లో వారే మరొక పద్ధతి ప్రకటించారు. ముక్కను ప్రయోగశాలలో పెంచడం ఎందుకు? దానిని చిన్న చిన్న తునకలు చేసి, మాయ పొర మీద పరిచి, నేరుగా కంటి మీదనే పెంచవచ్చు కదా! అలాగే చేశారు. ఖరీదైన కణాల ప్రయోగశాల లేని ఆసుపత్రిలోనూ నేర్పు గల సర్జన్ ఆ పని చేయవచ్చు. పదేళ్ళు ప్రయోగశాలలో కష్టపడి, చివరకు ప్రయోగశాల అవసరం లేని చికిత్సను కనుక్కున్నారు. మనలాంటి దూరపు జిల్లాలకు ఇంతకన్నా మేలు చేసే పరిశోధన వేరొకటి ఉండదు.

మన జిల్లా సంగతి

ఇంత చరిత్ర చెప్పాక, గుమాస్తాగా ఒక మాట. ఉమ్మడి ప్రయోగశాలకు శాస్త్రజ్ఞులెంత అవసరమో, సరైన రిజిస్టర్లూ అంతే అవసరం. మన ఆఫీసు పద్ధతిలో ఒక శాఖ స్టాకులో ఎక్కిన వస్తువును మరొక శాఖ తాకకూడదు. తాకితే ఆడిట్ అభ్యంతరం. ఉమ్మడిగా వాడాలంటే లాగు బుక్కు, వంతుల పట్టిక, మరమ్మతు ఖర్చు ఎవరి పద్దులో వేయాలో రాతపూర్వక ఒప్పందం, యంత్రం దగ్గర బదిలీ కాని ఒక టెక్నీషియన్ ఉండాలి. నమూనా ఇచ్చిన రోగి సమ్మతి పత్రం భద్రంగా ఉండాలి. ఇవి లేకపోతే కపిల బావి దగ్గర వంతుల తగాదా అయినట్లే అవుతుంది, నీళ్ళు మాత్రం ఎవరికీ పారవు.

మనకు వనరులు లేవని అనుకోవద్దు. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981లో ఏర్పడింది. ప్రభుత్వ వైద్య కళాశాల 2000లో వచ్చింది. 2022 ఏప్రిల్ నుంచి వేరే జిల్లాగా ఉన్న పుట్టపర్తి వైపు 1991లో ప్రారంభమైన పెద్ద ఆసుపత్రి ఉంది. కళాశాల వద్ద రోగులున్నారు, విశ్వవిద్యాలయం వద్ద జీవశాస్త్రాలు చదివే విద్యార్థులున్నారు. ఈ రెండూ కంటి పుండ్ల పరీక్షకైనా ఒక ఉమ్మడి ప్రయోగశాలను నడుపుకోగలిగితే, మన పొలాల్లో ఏ బూజు ఎంత ఉందో మన లెక్క మనకే తెలుస్తుంది. 1996 నాటి అధ్యయనంలో మన సీమ లేదు. తదుపరి లెక్కలోనైనా ఉండాలి. మన సంఘం తరఫున రెండు సంస్థలకూ వినతిపత్రం ఇవ్వాలని ప్రతిపాదిస్తున్నాను.

ఇక మనం స్వయంగా చేయగలిగినవి. నలభై దాటిన మీ పిల్లలకు కూడా ఏడాదికొకసారి కంటి ఒత్తిడి పరీక్ష చేయించండి. చక్కెర జబ్బు ఉన్నవారు కంటి వెనుక పొరను చూపించుకోండి. కంట్లో సున్నం పడితే ఆ క్షణంలోనే మంచినీటితో ధారగా చాలాసేపు కడిగి, తరువాత ఆసుపత్రికి పరుగెత్తండి. డాక్టరు రాయని చుక్కలు వేసుకోవద్దు.

చివరిగా నేత్రదానం. మరణించిన ఆరు గంటల లోపల నేత్రనిధికి కబురు అందాలి. హైదరాబాదులోని రామాయమ్మ అంతర్జాతీయ నేత్రనిధి నల్లగుడ్డును సుమారు నాలుగు రోజులు నిలువ ఉంచే ద్రావకాన్ని తయారుచేసి ఇతర నేత్రనిధులకు ఉచితంగా పంపుతూ వచ్చింది. ఇదీ ఉమ్మడి ప్రయోగశాల చేసిన మేలే. శుక్లం ఆపరేషన్ అయినవారు, కళ్ళజోడు పెట్టుకునేవారు, మధుమేహం ఉన్నవారు కూడా కళ్ళు ఇవ్వవచ్చు. అమర్చడానికి పనికిరాని కన్ను, కుటుంబం సమ్మతిస్తే, పరిశోధనకు పనికివస్తుంది. ఈ వ్యాసంలో చెప్పిన పరిశోధనలకు రక్తమో, కణజాలమో, కన్నో ఇచ్చిన సామాన్యుల పేర్లు ఏ పత్రికలోనూ అచ్చు కాలేదు.

ప్రతిజ్ఞా పత్రం మీద మనం సంతకం చేసినంత మాత్రాన సరిపోదు. ఆ వేళకు ఫోను చేయవలసినది ఇంట్లోవారు. కాబట్టి సంఘ కార్యాలయంలో నేత్రదానానికి ఒక రిజిస్టరు తెరిచి, అందులో సభ్యుని సంతకం పక్కనే భార్యదో, భర్తదో, బిడ్డలదో సంతకం కూడా తీసుకోవాలని, రాబోయే సర్వసభ్య సమావేశంలో దీనిని మొదటి అంశంగా చేర్చాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఆ రిజిస్టరుకు గళ్ళు గీసి, శీర్షికలు రాసి ఇచ్చే పని నాకు అప్పగించండి.